అనకాపల్లి ఐస్ హాకీ జట్టు పుట్టిన షెడ్డు

జనవరిలో లేహ్ వెళ్లినప్పుడు మా టూరు వాళ్లు ఒక మధ్యాహ్నం ఖాళీగా వదిలారు. అందరూ శాలువాలు కొనడానికి బజారుకు పోయారు. నేనొక్కదాన్నే గడ్డకట్టిన చెరువు గట్టున నిలబడి ఆడపిల్లల ఐస్ హాకీ చూస్తున్నాను. ఆ ఆట గురించి నాకేమీ తెలీదు. ఇనుప అంచు బూట్లతో పిల్లలు అటూ ఇటూ దూసుకుపోతూ, నల్లటి రబ్బరు బిళ్లను వంకర కర్రలతో కొడుతున్నారు. ఆ బిళ్లను పక్ అంటారని పక్కనున్న టీ కొట్టాయన చెప్పాడు. నాకు దగ్గర్లో ఉన్న గోల్ ముందు, కాళ్లకు పరుపుల్లాంటి కట్లు కట్టుకుని, మొహానికి జాలీ తగిలించుకుని ఒక అమ్మాయి కాచుకుని ఉంది. ఉన్నట్టుండి ఆ జాలీలోంచి కేక వచ్చింది.

"ఓలే మణీ! ఎడం పక్క సూడే! ఎడం పక్క!"

చేతిలో టీ ఒలికి చేతి తొడుగంతా తడిసిపోయింది. ఆ తడి గడ్డకడుతోందన్న స్పృహ కూడా లేకుండా నిలబడిపోయాను. నేను పుట్టి పెరిగింది ఏలూరులో. అయినా ఆ మాట ఏ ప్రాంతానిదో పోల్చుకోవడానికి క్షణం పట్టలేదు. ఆట అయ్యాక వెళ్లి పలకరించాను. జాలీ తీసేసరికి చామనఛాయ మొహం, గడ్డం మీద పాత కుట్ల గుర్తు, ఇరవై రెండేళ్లుంటాయేమో. పేరు నూకరత్నం. జట్టులో సగానికి పైగా అనకాపల్లి చుట్టుపక్కల వాళ్లేనట.

"అనకాపల్లిలో ఐస్ హాకీ ఏమిటమ్మా? అక్కడ ఐసెక్కడిది?" అన్నాను.

"మాకూ అవుతాది మేడం. పనులవుతన్నాయి. వేసంగిలో రండి, సూపిత్తాను" అంది నవ్వుతూ.

నేను ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసే పని చేస్తాను. ఏడాదికి రెండుసార్లు సెలవు పెట్టి ఎక్కడికో ఒక చోటికి పోవడం అలవాటు. మామూలుగా కొండలకో, కోవెలలకో వెళ్తాను. ఈసారి వేసవి సెలవు అనకాపల్లికి పెట్టుకున్నానంటే ఆసుపత్రిలో అందరూ నా వైపు వింతగా చూశారు.

మే నెలలో ఒక గురువారం, తెల్లవారుతూనే ఏలూరులో రైలెక్కాను. స్లీపరు పెట్టెలో కిటికీ సీటు. రాజమండ్రిలో ఇడ్లీ, తునిలో గంపలోంచి ఏరుకున్న మామిడిపళ్లు. నా ఎదురు సీటులో కశింకోట రైతు ఒకాయన కూర్చున్నాడు. భుజం మీద తువ్వాలు, ఒళ్లో కొత్త నీళ్ల మోటారు పెట్టె. ఏ పని మీద వెళ్తున్నానో అడిగాడు. చెప్పాను.

"అయిసా? ఈ ఎండలకి బెల్లవే నిలవడం నేదమ్మా, అయిసెక్కడ నిలుత్తాది?" అన్నాడు. అంతలోనే తనకే గుర్తొచ్చింది. ఆ వైపు ఆడపిల్లలను గుంటలంటారు. "బెల్లం కొట్టులో సక్రాల బూట్లేసుకుని గుంటలు తిరుగుతారు, ఆళ్లేటి? మా మేనకోడలూ ఎల్లేది. రెండు పళ్లు ఇరగ్గొట్టుకుని ఒచ్చీసింది."

"మానిపించేశారా?"

"మానమన్నాం. మానితేనా!"

అనకాపల్లిలో దిగేసరికి మిట్టమధ్యాహ్నం. ప్లాట్‌ఫారం సిమెంటు చెప్పుల్లోంచి కాలుతోంది. స్టేషనుకు నడిచే దూరంలోనే లాడ్జి దొరికింది. గది చిన్నది, శుభ్రంగా ఉంది. కింద మెస్సులో భోజనం. ఈ వైపు వెళ్లేవాళ్లు అక్కడి చేపల పులుసు అడిగి వేయించుకోండి. కూలరు ముందు కాసేపు నడుం వాల్చి, ఎండ తగ్గాక, నూకరత్నం ఇచ్చిన నంబరుకు ఫోన్ చేస్తే ఆ జట్టు కోచ్ సన్నిబాబు గారు స్కూటరేసుకుని వచ్చారు. నలభై దాటిన మనిషి. బక్కపలచగా, కుడి మోకాలు కొంచెం ఈడుస్తూ నడుస్తారు. వాళ్లది బెల్లం వర్తకుల కుటుంబం.

ఆయన నన్ను తీసుకెళ్లింది బెల్లం మార్కెట్టు దగ్గరున్న వాళ్ల గోడౌనుకు. సీజను అయిపోయింది. లోపల సరుకు లేదు గాని గోడలకు, దూలాలకు, గాలికి కూడా బెల్లం వాసన పట్టేసి ఉంది. ఇంత పొడుగు నున్నటి సిమెంటు నేల.

"ఇదేనండి మా మొదటి గ్రౌండు" అన్నారు. "విశాఖలో చదువుకునేటప్పుడు స్కేటింగ్ నేర్చుకున్నాను. ఇంటికొచ్చాక అన్నలు వ్యాపారంలో పెట్టేరు. సీజను లేని నెలల్లో ఈ గోడౌను ఖాళీయే కదాని పిల్లలకి నేర్పుతానన్నాను. మొదట్లో మగపిల్లలే ఎక్కువ. పదో తరగతి అవగానే వాళ్లంతా మానేసేరు. ఆడపిల్లలు మానలేదు."

"ఎందుకని?"

"రోడ్డు మీదైతే ఇంట్లోవాళ్లు పంపరండి. నాలుగు గోడలు, ఒక తలుపు ఉన్నాయి కాబట్టి పంపేరు."

అలా మొదలైందా జట్టు. చెరకు రైతుల పిల్లలు, కిరాణా కొట్ల పిల్లలు, సముద్రం వైపు నుంచి వచ్చే పిల్లలు. వానాకాలంలో నేలలోని పాత బెల్లం చెమర్చి చక్రాలు అతుక్కుపోయేవట. చీమల మందు చల్లి, వేణ్నీళ్లతో నేల కడిగితే గాని ఆట సాగేది కాదు. పక్ ఎక్కడ కొనాలో తెలీక ఏటికొప్పాకలో బొమ్మలు చేసే ఒకాయన చేత అంకుడు కర్రతో చేయించారు. లక్క రంగులేసిన ఎర్రటి బిళ్ల, చూడ్డానికి ఎంతో ముద్దుగా ఉంటుంది. తేలిక కర్ర కదా, కొడితే నేల విడిచి ఎగిరేది. సన్నిబాబు గారి మోకాలు దానివల్లే పోయింది. ఆయన ప్యాంటు పైకి లాగి చూపిస్తే నేను ఎక్స్‌రే లేకుండానే లోపల ఎముక ఎలా అతుక్కుందో చెప్పగలిగాను.

గోల్ కాయడానికి ఎవరూ ముందుకు రాకపోతే ఆయన స్కూళ్ల చుట్టూ తిరిగారు. రాంబిల్లి వైపు ఒక హైస్కూల్లో కబడ్డీ ఆడే పిల్ల లేచి, "బంతి మొహం మీదికొత్తే తప్పుకోవాలా, ఒద్దా?" అని అడిగిందట. తప్పుకోకూడదన్నారు ఈయన. "అయితే నానొత్తాను" అందట. ఆ పిల్లే నూకరత్నం.

తర్వాత చక్రాల మీదనుంచి ఐసు మీదికి. దక్షిణాది నుంచి జట్టు ఉంటే పంపమని ఎవరో కబురు పెడితే వీళ్లు బయల్దేరారు. మొదటిసారి లేహ్‌లో మైదానంలోకి దిగుతూనే ఆరుగురికి ఆరుగురూ పడ్డారట. ఎన్ని గోల్స్ తిన్నారో లెక్క పెట్టడం మానేశారు. ఎదుటి జట్టు కోచ్, ఒక లద్దాఖీ ఆవిడ, నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని తమ పాత బూట్లు వీళ్లకిచ్చేసింది.

"అప్పటికి ఐసు ఎప్పుడూ చూడలేదా మీరు?" అన్నాను.

"అంతకుముందే ఐసు మీద నిలబడింది నూకరత్నం ఒక్కతేనండి. వాళ్ల నాన్న పోలయ్య ఐసు ఫ్యాక్టరీలో..." అని ఆగారు. "రేపు వాళ్ల ఊరు వెళ్తున్నారుగా. అక్కడ చూద్దురుగాని."

మిగతా మాట మింగేసి గోడౌను తలుపు మూశారు.

ఇప్పుడు ఈ జట్టు జీతాల జట్టు అయింది. కొత్తగా పెట్టిన లీగులోకి ఒక కంపెనీ వీళ్లను తీసుకుంది. పిల్లలకు నెల జీతాలొస్తున్నాయి. కాని షరతొకటి ఉంది. సొంత ప్రాంతంలో సాధన చేసుకోవడానికి ఐసు ఉండాలి. అది చూడ్డానికి లీగు మనుషులు వచ్చే వారం వస్తున్నారు. లేకపోతే జట్టును ఉత్తరాదికి మార్చేస్తారు, పేరు మారుతుంది, ఇద్దరో ముగ్గురో తప్ప మిగతా పిల్లలు ఇంటికే.

మర్నాడు పొద్దున్నే ఆర్టీసీ బస్సులో అచ్యుతాపురం వెళ్లాను. ముందూ వెనకా కంపెనీల బస్సులే. పక్కన కూర్చున్న యూనిఫాం అమ్మాయి నా భుజం మీద పడి నిద్రపోయింది. అచ్యుతాపురం నుంచి షేర్ ఆటో. రాంబిల్లి దాటాక సరుగుడు తోటలు, ఉప్పు గాలి, ఎండబెట్టిన చేపల వాసన. ఊరి మొగలో నూకరత్నం నిలబడి ఉంది. పక్కనే తాటాకు పందిరి కింద ఒకావిడ చేపల గంప ముందు కూర్చుని కత్తిపీట మీద పొలుసు తీస్తోంది.

"మా అమ్మ, అప్పలకొండ" అంది నూకరత్నం.

నేను నమస్కారం పెట్టాను. ఆవిడ తల ఊపింది. "ఎండలో ఒచ్చేరు. మజ్జిగ తాగి ఎల్లండి" అంది. గ్లాసు నిండా పోసి ఇచ్చింది గాని ఐసు మాట ఎత్తలేదు. మేం ఏ వైపు వెళ్తామో అటు చూడనైనా చూడలేదు.

రోడ్డుకు అవతల, పందిరికి ఎదురుగా, పాత ఐసు ఫ్యాక్టరీ. ఒకప్పుడు పడవల వాళ్లకు ఐసు అమ్మేవారట. తుప్పు పట్టిన రేకులు, చెరిగిపోయిన బోర్డు. నూకరత్నం తలుపు తోసింది.

నేను గుమ్మంలోనే ఆగిపోయాను. వీపు మీద మే నెల ఎండ, మొహం మీద జనవరి. లోపల గోడలన్నిటికీ తెల్లటి థర్మాకోల్ పలకలు. నేలంతా ఐసు. రెండు బ్యాడ్మింటన్ కోర్టులంత ఉంటుంది. దానిమీంచి సన్నటి పొగ లేస్తోంది. పదిమంది పిల్లలు గుండ్రంగా తిరుగుతున్నారు. బ్లేళ్లు కోస్తున్న చప్పుడు తప్ప మరేమీ వినపడడం లేదు. వంగి చేత్తో తాకాను. చలికి చెయ్యి జివ్వుమంది. నిజం ఐసే. రోడ్డుకవతల గంపలో చేపలు ఎండకు వాడిపోతున్నాయి, ఇక్కడ నా వేళ్లు కొంకర్లు పోతున్నాయి. ఎంతసేపు అలా వంగి ఉన్నానో తెలీదు.

సిమెంటు కింద గొట్టాలు పరిచి, వాటిలో చల్లబరిచిన ద్రవం తిప్పుతారట. పైన నీళ్లు పలచగా చల్లుతారు, అది గట్టిపడ్డాక మళ్లీ చల్లుతారు. నాలుగు రోజుల కిందటే మొదటిసారి ఐసు పూర్తిగా గడ్డకట్టిందని నూకరత్నం చెప్పింది. మూతబడిన రొయ్యల కంపెనీ నుంచి మిషను తెచ్చి ఫ్యాక్టరీ యజమాని నరసింగరావు గారే పెట్టించారట, షెడ్డుకు అద్దె కూడా తీసుకోకుండా.

"అంత మంచాయనా!" అన్నాను.

నూకరత్నం నన్ను ఒక గోడ దగ్గరికి తీసుకెళ్లింది. అక్కడ పూలదండ వేసిన ఫొటో ఉంది. బనీను వేసుకున్న ఒక మనిషి, రెండు చేతుల్తో ఐసు దిమ్మ ఎత్తుకుని నవ్వుతున్నాడు.

"మా నాన్న, పోలయ్య. ఇక్కడే ఆపరేటరు" అంది. "లేహ్ ఎల్లీ ముందు నాకు బయమేసింది. ఐసెలాగుంటాదో తెలీదు కదా. అప్పుడు మా నాన్న ఈ సెడ్డులోనే దిమ్మలన్నీ వరసగా పేర్సి, సందుల్లో నీళ్లు పోసి అతికించేడు. నా సెయ్యట్టుకుని దాని మీద నిలబెట్టేడు. ఐసు కోసం అంత దూరం ఎందుకే, నా కాడ నేదా అనీవోడు."

"ఇప్పుడు..."

"ఇక్కడే పోయేడు మేడం. ఆరేళ్లయింది. అమోనియా గేసు లీకయ్యింది. లోపల ముగ్గురు కూలోళ్లున్నారు. ఆళ్లని బయటకి తోసీసి, గేసు గొట్టం వాలు తిప్పి కట్టీడానికి ఎనక్కెల్లేడు. వాలు కట్టేడు. మరి రాలేదు."

కాళ్ల కిందున్న ఐసు వైపు చూశాను. ఆ క్షణంలో దానిమీద నిలబడాలంటే నాకే ఏదోలా అనిపించింది. ఈ పిల్ల రోజూ ఆ ఫొటో ముందు గోల్ కాస్తోంది.

"నువ్విక్కడ ఎలా ఆడగలుగుతున్నావమ్మా?" అన్నాను చివరికి.

"ఇంకెక్కడాడమంటారు? నాను ఐసు మీద నిలబడింది ఇక్కడే" అంది. "ఈ కొత్త మిషనులో ఆ గేసు నేదు. ఏరే గేసు. పాత మిషను ఎనక గదిలో ఉన్నాది, కాళీదే. మా అమ్మ మాత్రం అప్పట్నించీ ఈ గుమ్మం తొక్కలేదు. ఎల్లొద్దనదు. ఏటి ఆడేవనీ అడగదు."

కాసేపటికి సన్నిబాబు గారు వచ్చారు, సాధన మొదలైంది. నూకరత్నం కట్లన్నీ కట్టుకుని, జాలీ వేసుకుని, అవతలి చివర గోల్ ముందు నిలబడింది. నేను గుమ్మం పక్కన కుర్చీ వేసుకున్నాను. వెనక గదిలోంచి ఇనుము కోస్తున్న రంపం మోత వస్తోంది. లీగు మనుషులు వచ్చేలోగా శుభ్రంగా కనపడాలని నరసింగరావు గారు పాత సామాను తీయిస్తున్నారట. తుక్కు కొనేవాళ్లు ఇద్దరు గొట్టాలు కోస్తున్నారు.

రంపం మోత ఒక్కసారిగా ఆగింది. ఎవరో "అమ్మో" అన్నారు. ఆ తర్వాత వచ్చిన వాసన ఎలాంటిదో మాటల్లో చెప్పలేను. ముక్కులోకి సూది దించినట్టయింది. కళ్లు వాటంతటవే మూసుకుపోయాయి. తుక్కువాళ్లిద్దరూ దగ్గుకుంటూ నా మీంచే బయటికి పరుగెత్తారు. పాత మిషను ఖాళీగా లేదు. ఆరేళ్లుగా దాని కడుపులో మిగిలిపోయిన గ్యాసు ఒక గొట్టం తెగగానే బయటికొచ్చేసింది.

"బయటకి! అందరూ బయటకి!" సన్నిబాబు గారు అరుస్తున్నారు. పిల్లలు ఒకళ్లనొకళ్లు పట్టుకుని జారుకుంటూ, గుమ్మం దగ్గర బ్లేళ్లు సిమెంటుకు తగిలి పడుతూ లేస్తూ బయటపడ్డారు. నేను చేతికందిన పిల్లనల్లా పట్టుకుని లాగాను. ఎండలోకొచ్చాక ఆయన తలలు లెక్కపెట్టారు. మళ్లీ లెక్కపెట్టారు.

"నూకరత్నం ఏదీ?"

గోల్ ఆ వెనక గది గోడకు ఆనుకునే ఉంది. సన్నిబాబు గారు తువ్వాలు ముక్కుకు పెట్టుకుని లోపలికి నాలుగు అడుగులు వేశారు. దగ్గుతో మెలికలు తిరిగిపోయి, గోడ పట్టుకుని వెనక్కి వచ్చారు. ఆ కుంటి కాలు కూడా ఆయనకు సహకరించలేదు. నేను ఫోను తీసి నూట ఎనిమిదికి కొట్టాను. తొందరలో ఒక అంకె తప్పు పడింది. మళ్లీ కొట్టాను.

అప్పుడు రోడ్డు దాటి అప్పలకొండ గారు వచ్చారు. పరుగెత్తుకుంటూ వచ్చారన్న మాట చాలదు. చేపల మీద కప్పే తడి గోనె ఒకటి చేతిలో ఉంది. ఎవరినీ ఏమీ అడగలేదు. గోనె తలమీంచి కప్పుకుని, నేలకు దాదాపు ఆనేలా వంగి, ఆరేళ్లుగా తొక్కని ఆ గుమ్మం దాటి లోపలికి వెళ్లిపోయారు. నేను ఆపాలనుకోలేదు, ఆపగలిగేదాన్నీ కాదు. ఆ గుమ్మం వైపే చూస్తూ నిలబడిపోయాను.

లోపల ఏమీ కనపడడం లేదు. "అమా!" అన్న కేక ఒకటి, తర్వాత దగ్గు. ఆ తర్వాత తెల్లటి ఐసు మీద ఏదో జారుతూ వస్తున్న చప్పుడు. ఆవిడ ఒట్టి కాళ్లతో, వంగిపోయి, వెనక్కి నడుస్తూ వస్తున్నారు. నూకరత్నం బోర్లా పడి ఉంది. ఆమె కాళ్లకున్న ఆ పెద్ద కట్ల పట్టీలు రెండూ తల్లి పిడికిళ్లలో ఉన్నాయి. తీరాన వల లాగినట్టు లాక్కొచ్చేశారు. గుమ్మం దగ్గరికి రాగానే మేమంతా పట్టుకున్నాం.

బోరింగు కింద ఇద్దరినీ కూర్చోబెట్టి మొహాల మీద, కళ్లలో నీళ్లు కొడుతూనే ఉన్నాం. నూకరత్నం గోల్‌లోంచి బయటపడుతూ జారి పడిందట. ఆ బరువైన కట్లతో లేవలేకపోయింది. మొహం ఐసుకు ఆనించి పడుకుంది కాబట్టి బతికిందని తర్వాత డాక్టరు అన్నాడు. ఆ గ్యాసు పైకి లేస్తుంది.

అంబులెన్సులో నేనూ ఎక్కాను. అనకాపల్లి ఆసుపత్రిలో నూకరత్నం ఛాతీ ఎక్స్‌రే తీశారు. నేను ఏ పని చేస్తానో చెబితే అక్కడి టెక్నీషియను ఫిల్ము నా చేతికిచ్చాడు. పాతికేళ్లుగా చూస్తున్నాను ఇలాంటివి. ఆ ఒక్కటి వెలుగుకు ఎత్తి పట్టుకోవడానికి నాకు ధైర్యం చాల్లేదు. ఎత్తాను. రెండు వైపులా తేటగా ఉంది. అక్కడే బల్ల మీద కూర్చుండిపోయాను.

ఒక రోజు ఉంచి చూడాలన్నారు. సాయంత్రం వార్డులో కూతురు నిద్రపోతోంది. గొంతు పూర్తిగా పోయింది. పక్క మంచం మీద అప్పలకొండ గారు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి, ఐసుకు అరికాళ్లు తోలు లేచాయి. కొబ్బరినీళ్లు తెచ్చి ఇస్తే రెండు గుక్కలు తాగి, కూతురి వైపు చూస్తూ మాట్లాడింది.

"ఆ రోజూ ఇదే కంపమ్మా. పందిట్లోనే ఉన్నాను. లగెత్తేను. నలుగురు అట్టీసుకున్నారు నన్ను. రెక్కలు పట్టుకుని ఒగ్గలేదు. నువ్వెల్లితే నువ్వూ పోతావన్నారు. మంచికే అన్నారు, కాదనను. ఆడు లోపల ఉన్నాడు, నాను బయట ఉన్నాను. అంతే." గ్లాసు పక్కన పెట్టింది. "ఈయాల ఎవులూ పట్టుకోలేదు నన్ను."

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

చీకటి పడకముందే నరసింగరావు గారు వచ్చారు. డెబ్బై ఏళ్ల మనిషి, వార్డు గుమ్మంలోనే చేతులు జోడించేశారు. వెనక సన్నిబాబు గారు.

"తప్పయిపోయిందమ్మా. కాళీ అనుకున్నాను. ఎవులికీ సూపించకుండా కోయించేను. రేపే తాళం ఏసెత్తాను. మరి ఆ సెడ్డు తెరిసేది నేదు" అన్నారాయన.

ఆవిడ కూడా అదే అంటుందనుకున్నాను. ఎవరైనా అదే అంటారు.

"తాళం ఎందుకెయ్యాల?" అంది అప్పలకొండ. గొంతు బొంగురుగా ఉంది గాని మాట గట్టిగానే వచ్చింది. "ఆరేళ్లు తాళం ఏసేవు కదా. తాళం ఎనకాలే ఉన్నాది అది, నా గుంట కోసం కాసుకుని. తాళం ఒద్దు. ఆ పాత మిషను మొత్తం తీయించు. తుక్కోళ్లు కాదు, ఆ గేసు పని సదూకున్నోళ్లు రావాల. ఆళ్లు సూసి, ఇంక నేదని కాయితం మీద రాసిత్తేనే తెరవాల. అప్పుటిదాకా గుంటలెవులూ లోపలికెల్లరు."

"లీగు వాళ్లు వచ్చే వారం వస్తారు అక్కా" అన్నారు సన్నిబాబు గారు నెమ్మదిగా. "ఈ సంగతి తెలిస్తే జట్టు పోతాది."

"పోతే పోతాది. సెప్పకుండా ఉంటే గుంటలు పోతారు. ఫోను సెయ్యి. జరిగింది జరిగినట్టు సెప్పు."

ఆయన పక్క మంచం వైపు చూశారు. నూకరత్నం ఎప్పుడు మేలుకుందో, కళ్లు తెరిచి వింటోంది. మాట రాలేదు. తల మాత్రం ఊపింది, చెయ్యమన్నట్టు.

సన్నిబాబు గారు వరండాలోకి వెళ్లి ఫోన్ చేశారు. కిటికీలోంచి ఆయన వీపు కనిపిస్తోంది. పదేళ్లపాటు బెల్లం నేల కడిగి నిలబెట్టిన జట్టును పోగొట్టగల మాటలు ఆయనే, తన నోటితోనే, ఒకటొకటిగా చెప్పారు. తిరిగొచ్చి, "ఆలోచించి చెప్తామన్నారు" అన్నారు. ఆ రాత్రి లాడ్జిలో నాకు కునుకు పట్టలేదు. బట్టలు రెండుసార్లు ఉతికినా ఆ వాసన పోలేదు.

శనివారం పొద్దున డాక్టరు ఇద్దరినీ ఇంటికి వెళ్లొచ్చన్నాడు. నా రైలు మధ్యాహ్నం. ఆటో ఎక్కించేటప్పుడు అప్పలకొండ గారి అరికాళ్లకు కట్లున్నాయి, నూకరత్నం ఆవిడ నడుం చుట్టూ చెయ్యేసి నడిపించింది. నాకు ఒక పొట్లం ఇచ్చారు, ఎండబెట్టిన నెత్తళ్ల చేపలు. "మళ్లీ రండి" అన్నట్టు ఆ పిల్ల చేత్తో సైగ చేసింది. ఆటో మలుపు తిరిగేదాకా నేను చెయ్యి ఊపాను.

రైలు యలమంచిలి దాటింది, నర్సీపట్నం రోడ్డు దాటింది. అన్నవరం దగ్గర సన్నిబాబు గారి ఫోన్ వచ్చింది.

"మేడం, వాయిదా వేసేరండి! ముందే చెప్పేరు కాబట్టి టైమిస్తామన్నారు. రెండు నెలలు. ఆ గ్యాసు పని తెలిసిన కంపెనీ వాళ్ల సర్టిఫికెట్టు పెట్టాలి, రెండో తలుపు ఒకటి పెట్టాలి, గ్యాసొస్తే మోగే గంట పెట్టాలి. అవి అయితే జట్టు ఇక్కడే. అవకపోతే లేదు. విశాఖ నుంచి మనుషులు బయల్దేరేరు, మిషను తియ్యడానికి."

"అప్పలకొండ గారెలా ఉన్నారు?"

"ఆవిడా? షెడ్డు గుమ్మంలోనే కుర్చీ వేయించుకున్నారండి. కాళ్లు నేల మీద పెట్టొద్దని డాక్టరు చెప్పేడు కదా, ఇంకో కుర్చీ మీద పెట్టుకుని కూర్చున్నారు. నరసింగరావు గారినే లోపలికి వెళ్లనివ్వడం లేదు."

సామర్లకోట దాకా ఆ మాటే తలుచుకుంటూ కూర్చున్నాను. ఎన్నో చోట్లకు వెళ్లాను గాని నన్ను ఇన్నిసార్లు ఉన్నచోటే నిలబెట్టేసింది ఈ ఒక్క జట్టే. లేహ్‌లో ఆ కేక విన్నప్పుడు, మేలో ఐసు తాకినప్పుడు, ఫొటో ముందు, గుమ్మం ముందు, చివరికి వార్డులో. జట్టు చరిత్ర తెలుసుకుందామని బయల్దేరాను. దాన్ని ఇప్పుడు ఎవరైనా అడిగితే గోల్స్ గురించీ గెలుపుల గురించీ నేనేమీ చెప్పలేను. ఐసు దిమ్మలు పేర్చిన ఒక తండ్రి, తడి గోనె కప్పుకున్న ఒక తల్లి, వాళ్లిద్దరి మధ్య కట్లు కట్టుకుని నిలబడ్డ ఒక పిల్ల. నాకు తెలిసిన చరిత్ర అదే.

వెళ్లాలనుకునే వాళ్లకు దారి చెప్తాను. అనకాపల్లిలో దిగి అచ్యుతాపురం బస్సెక్కండి, అక్కణ్నుంచి రాంబిల్లి వైపు ఆటోలుంటాయి. సరుగుడు తోటలు దాటాక తాటాకు పందిరి, ఎదురుగా పాత ఐసు ఫ్యాక్టరీ. వానలు మొదలయ్యాక వెళ్లండి, ఈలోగా వద్దు. గుమ్మంలో ఒకావిడ కూర్చుని ఉంటుంది. ఆవిడ వెళ్లమన్నాకే లోపలికి వెళ్లండి.